ముందు ప్రశ్న, తర్వాత బోరు: నీటి శాస్త్రం మనకు చెప్పే పాఠం

దప్పిగొన్నవారికి నీళ్లివ్వడం ఇస్లాంలో ఎంతో ఉత్తమమైన దానం. హజ్రత్ సఅద్ బిన్ ఉబాదా (రజి) తన తల్లి మరణించాక ఆమె తరఫున ఏ దానం చేస్తే మంచిదని అడిగితే దైవప్రవక్త (స) నీటిని సూచించారనీ, ఆయన ఆమె పేరిట బావి తవ్వించారనీ హదీసు గ్రంథాల్లో ఉంది. మదీనాలో రూమా బావిని హజ్రత్ ఉస్మాన్ (రజి) సొంత సొమ్ముతో కొని అందరికీ వదిలిన సంగతి మన పిల్లలకు కూడా తెలుసు. అందుకే మనవంటి సేవా సంస్థలకు విరాళం ఇచ్చేవారిలో చాలామంది, ఏదైనా పేదల బస్తీలో ఒక బోరు వేయించండి అంటారు.

సదఖా జారియాలో ‘జారియా’ అంటే పారుతూ ఉండేదని అర్థం. మూడో వేసవికే ఎండిపోయిన బోరు విషయంలో దాత సంకల్పానికి ప్రతిఫలం అల్లాహ్ దగ్గర ఉంటుంది. కాని బిందె పట్టుకొని వచ్చిన ఇల్లాలికి మాత్రం నీళ్లు ఉండవు. కాబట్టి బోరు ఎక్కడ వేయాలి, ఎంత లోతు వేయాలి అనే ఆలోచనకు ముందు, అసలు మనం ఏ ప్రశ్నలు అడగాలి అన్నది తేల్చుకోవడం అవసరం. ప్రపంచంలోని నీటి శాస్త్రజ్ఞులు కూడా కొన్నేళ్ల క్రితం ఇదే పని చేశారు. వారు ఎందుకు కూర్చున్నారు, ఎలా కూర్చున్నారు, ఏం తేల్చారు, అందులో మనకు పనికొచ్చేది ఏమిటి అన్నదే ఈ వ్యాసం.

అంచనా వేయడం గైబ్ చెప్పడం అవుతుందా?

ముందుగా ఒక సందేహం తీర్చుకుందాం. వాన ఎప్పుడు కురుస్తుందో, వరద ఎంత వస్తుందో అల్లాహ్‌కే తెలుసు కదా, మనిషి దాన్ని లెక్కగట్టబోవడం సబబేనా అని కొందరు పెద్దలు అడుగుతుంటారు. అగోచర జ్ఞానం అల్లాహ్‌దే. అందులో రెండో మాట లేదు. అయితే నీటి శాస్త్రజ్ఞుడు చేసేది అగోచరాన్ని చెప్పడం కాదు. ఇంతవరకూ కురిసిన వానను, పారిన నీటిని, నేల స్వభావాన్ని కొలిచి, ‘ఇంత వాన కురిస్తే ఈ వాగులో ఇంత నీరు రావచ్చు’ అని లెక్క చెబుతాడు. ఆ లెక్కలో ఎంత తేడా రావచ్చో కూడా చెబుతాడు. ముందు ఒంటెను కట్టి, ఆపైన అల్లాహ్ మీద భరోసా ఉంచమని దైవప్రవక్త (స) నేర్పారు. కొలవడం, లెక్కగట్టడం ఆ ఒంటెను కట్టడం వంటిదే.

నైలు నది చెప్పిన సంగతి

కైరో నగరంలో నైలు నది మధ్య రోదా అనే దీవి ఉంది. అక్కడ రాతితో కట్టిన ఒక లోతైన కొలబావి ఉంది. అరబ్బీలో దాన్ని మిఖ్యాస్ అంటారు. ఇప్పుడు కనిపించే కట్టడం క్రీ.శ. 861లో అబ్బాసీ ఖలీఫా అల్ ముతవక్కిల్ కాలం నాటిది. నది నీరు సొరంగాల గుండా ఆ బావిలోకి వస్తుంది. బావి మధ్యలో ఎనిమిది పలకల పాలరాతి స్తంభం, దాని మీద మూరల గుర్తులు ఉంటాయి. ఆ ఏడు వరద ఎన్ని మూరలు ఎక్కిందో చూసి పంట ఎంత పండుతుంది, పన్ను ఎంత వేయాలి అన్నది నిర్ణయించేవారు. నీరు తక్కువైతే కరువు, మరీ ఎక్కువైతే ముంపు. నైలు మట్టాల లెక్క ఇస్లామీ యుగపు తొలి రోజుల నుండి వందల ఏళ్ల పాటు రాసి పెట్టబడింది. ఒకే నది గురించి ఇంత పొడవైన లెక్క ప్రపంచంలో అరుదు.

ఆ లెక్క 20వ శతాబ్దంలో మరో విధంగా అక్కరకు వచ్చింది. హెరాల్డ్ ఎడ్విన్ హర్స్ట్ అనే ఆంగ్లేయ శాస్త్రజ్ఞుడు దశాబ్దాల పాటు ఈజిప్టులో నైలు మీద పనిచేశాడు. ఎంత పెద్ద జలాశయం ఉంటే వరుస కరువు ఏళ్లను గట్టెక్కవచ్చు అన్నది ఆయన ముందున్న సమస్య. పాత మట్టాలను పరిశీలిస్తే ఒక విషయం బయటపడింది. మంచి ఏళ్లు, చెడ్డ ఏళ్లు నాణెం ఎగరేసినట్టు వచ్చిపోవు. మంచి ఏళ్లు గుంపుగా వస్తాయి, చెడ్డ ఏళ్లు కూడా గుంపుగానే వస్తాయి. 1951లో ఆయన ఈ సంగతిని ప్రచురించాడు.

1968లో బెనువా మాండెల్‌బ్రో, జేమ్స్ వాలిస్ అనే ఇద్దరు పరిశోధకులు ఈ గుంపు స్వభావానికి ‘యూసుఫ్ ప్రభావం’ అని పేరు పెట్టారు. ఎన్నడూ చూడనంత పెద్ద వరద ఒక్కసారిగా వచ్చిపడే స్వభావానికి ‘నూహ్ ప్రభావం’ అన్నారు. ఏడు పుష్కలమైన ఏళ్లు, వాటి వెనుక ఏడు కరువు ఏళ్లు అన్న రాజుగారి కల, హజ్రత్ యూసుఫ్ (అలైహిస్సలాం) చెప్పిన భావం, ఆయన వేసిన ధాన్యపు నిల్వల ప్రణాళిక మనకు దివ్యఖురాన్ ద్వారా తెలిసినవే. ఆయనకు ఆ జ్ఞానం దైవానుగ్రహంగా లభించింది. మనకు ఆ వరం లేదు. మన చేతిలో ఉన్నది కొలత, రాత, నలుగురితో సంప్రదింపు. వాటినైనా సరిగా వాడుకోవాలి.

కొలత లేని నదులు

నైలుకు వందల ఏళ్ల లెక్క ఉంది. కాని లోకంలోని ఏరులలో, వాగులలో అత్యధిక భాగానికి ఒక్క కొలత కేంద్రం కూడా లేదు. పేద దేశాల్లో ఈ లోటు మరింత ఎక్కువ. కొలత లేని వాగులో రేపు వచ్చే వరదను ఎలా అంచనా వేయాలి? 1922లో ఏర్పడిన అంతర్జాతీయ జలశాస్త్రాల సంఘం ఈ ఒక్క ప్రశ్నను ఉమ్మడి లక్ష్యంగా తీసుకొని 2003 నుండి 2012 వరకు పదేళ్లు దానికి కేటాయించింది. ఆ దశాబ్దం మధ్యలో, 2009 సెప్టెంబరులో, ఆ సంఘమూ భూగర్భ జల శాస్త్రజ్ఞుల అంతర్జాతీయ సంఘమూ కలిసి మన హైదరాబాద్‌లోనే సమావేశం జరిపాయి.

వారు వాడిన ముఖ్యమైన ఉపాయం తేలికగా చెప్పవచ్చు. కొలత ఉన్న వాగు ఒకటి, లేని వాగు ఒకటి తీసుకోండి. రెండింటి నేల, వాలు, వాన, చెట్టుచేమ ఒకే తీరుగా ఉంటే, మొదటి వాగు నడవడిని బట్టి రెండోదాని నడవడిని ఊహించవచ్చు. పదేళ్ల పనిలో తేలిన ఒక సంగతి మాత్రం మనం గుర్తుంచుకోవాలి. తడి ప్రాంతాల్లో ఈ అంచనాలు మెరుగ్గా కుదురుతాయి, మెట్ట ప్రాంతాల్లో ఎక్కువగా తప్పుతాయి. అంటే అంచనా ఎక్కువ అవసరమైన చోటే అది బలహీనంగా ఉంది. అనంతపురం వంటి జిల్లాల వారికి ఈ మాట భారం వేరే చెప్పనక్కరలేదు.

ఇరవై మూడు ప్రశ్నలు ఎలా పుట్టాయి

1900లో గణిత శాస్త్రజ్ఞుడు డేవిడ్ హిల్బర్ట్ తన శాస్త్రంలో తేలని 23 సమస్యలను లోకం ముందు పెట్టాడు. తర్వాతి తరాల గణితజ్ఞులకు అవి దారి చూపాయి. నీటి శాస్త్రానికి కూడా అటువంటి జాబితా ఉండాలని 2017 నవంబరులో అంతర్జాతీయ జలశాస్త్రాల సంఘం పిలుపునిచ్చింది. అప్పుడు ఆ సంఘానికి అధ్యక్షుడు వియన్నాకు చెందిన గుంటర్ బ్లోష్ల్. హిల్బర్ట్ ఒంటరిగా చేసిన పనిని వీరు ఉమ్మడిగా చేయదలచారు. ఎవరైనా ప్రశ్న పంపవచ్చన్నారు. సుమారు 260 ప్రశ్నలు వచ్చాయి. 2018 ఏప్రిల్‌లో వియన్నాలో కూర్చొని వాటిని వడగట్టారు. ఒకేలాంటివి కలిపారు, మరీ ఇరుకైనవి పక్కన పెట్టారు, మరీ విశాలమైనవి కుదించారు. చివరకు 23 ప్రశ్నలు మిగిలాయి. ఇక్కడా సంఖ్య 23 దగ్గరే ఆగింది. 2019లో అచ్చయిన ఆ పత్రానికి సుమారు 230 మంది రచయితలు.

మన భాషలో దీనిని షూరా అనవచ్చు. ఎవరి విభాగం వారికి ముద్దు. మంచు మీద పనిచేసేవాడికి మంచే పెద్ద సమస్య, నేల మీద పనిచేసేవాడికి నేలే పెద్ద సమస్య. నిధులు తక్కువ, బుర్రలు తక్కువ, సమయం తక్కువ. అందరూ ఒక వరుసకు ఒప్పుకొంటే ఒకరు కొలిచింది మరొకరికి పనికొస్తుంది, ఒక దేశం డబ్బు పెట్టి నేర్చుకున్నది మరో దేశానికి చేరుతుంది.

అందులో మనకు సంబంధించినవి

ఆ ప్రశ్నలన్నీ ఇక్కడ చెప్పడం కుదరదు. కాలంతో వచ్చే మార్పు, చోటును బట్టి వచ్చే తేడా, వరదలు కరువులు, నేలకూ నదికీ మధ్య రాకపోకలు, కొలతలు, లెక్కించే పద్ధతులు, సమాజంతో నీటి సంబంధం వంటి విభాగాల కింద వాటిని సర్దారు. వాటిలో మన పనికి తగిలేవి నాలుగు తీసుకుందాం.

మొదటిది, మెట్ట ప్రాంతాల్లో వాతావరణ మార్పు, మనిషి వాడకం కలిసి భూగర్భ జలాలను, ఎప్పుడో పారే వాగులను ఎలా మారుస్తున్నాయి అన్నది. తెలంగాణ, రాయలసీమల్లో ఎక్కువ భాగం నేల కింద గట్టిరాయి. నీరు పైనున్న శిథిలమైన రాతిపొరలోనూ, దాని కిందనున్న పగుళ్లలోనూ ఉంటుంది. పగులు తగిలిన బోరులో నీళ్లు, పది గజాల అవతల వేసిన బోరులో దుమ్ము. లోతుకు పోతే పాతాళ గంగ తప్పక ఉంటుందన్న నమ్మకం ఈ రాతిలో చెల్లదు. పైగా పక్కనే కొత్త బోరు పడితే పాతదాని నీరు తగ్గవచ్చు. ఒకరికి చేసిన దానం మరొకరి బావిని ఎండగట్టవచ్చునన్న ఆలోచన దాతకూ, సంస్థకూ ఉండాలి.

రెండోది, వరదలు, కరువులు గుంపులుగా ఎందుకు వస్తాయి, ఆ తీరు మారుతున్నదా అన్నది. నైలు దగ్గర హర్స్ట్ చూసిందే ఈ ప్రశ్నకు మూలం. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద హైదరాబాద్‌ను ముంచి వేలమందిని బలిగొంది. ఎగువన చెరువులు తెగడంతో ఆ వరద మరింత పెరిగింది. ఆ తర్వాత నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఆయన పరివాహక ప్రాంతాన్ని పరిశీలించి, ఎగువన వరదను ఆపే జలాశయాలు కట్టాలని సూచించాడు. 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ పూర్తయ్యాయి. కొలిచి, ఆలోచించి, కట్టిన పని ఒక నగరాన్ని తరాల పాటు కాపాడింది. అయితే 2020 అక్టోబరులో నగరంలోని బస్తీలు మళ్లీ మునిగాయి. నాలాలు ఇరుకయ్యాయి, చెరువు శిఖాల్లో ఇళ్లు లేచాయి, నేల సిమెంటు అయింది. పాత లెక్క కొత్త నగరానికి సరిపోదు. వాన అదే అయినా దాని నుండి పుట్టే వరద వేరు.

మూడోది, సామాన్యుల పరిశీలనకు శాస్త్రంలో విలువ ఎంత అన్నది. యంత్రాలు కొలిచిన అంకెలతో పాటు, ‘మా తాత కాలంలో నీళ్లు ఈ గడప దాకా వచ్చాయి’ అనే మాటను లెక్కలోకి ఎలా తీసుకోవాలి? దీనికి మన దగ్గరే ఒక మంచి ఉదాహరణ ఉంది. 2000ల దశకంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఏడు కరువు జిల్లాల్లో, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో ఒక పని జరిగింది. రైతులే, అందులో మహిళలు కూడా, వాన ఎంత పడిందో, బావిలో నీరు ఎంత లోతున ఉందో కొలిచి గోడ మీద అందరికీ కనబడేలా రాశారు. యాసంగి విత్తనానికి ముందు ఊరంతా కూర్చొని, నేల కింద ఇంత నీరుంది, మనం వేయదలచిన పంటలకు ఇంత కావాలి అని బేరీజు వేసుకున్నారు. ఏ పంట వేయాలని ఎవరూ ఎవరినీ శాసించలేదు. లెక్క ఎదురుగా ఉండడంతో చాలామంది తక్కువ నీటి పంటల వైపు మళ్లారు.

నాలుగోది, అంచనాలోని అనిశ్చితిని జనానికి ఎలా చెప్పాలి అన్నది. ‘వందేళ్ల వరద’ అనే మాట వినే ఉంటారు. వందేళ్లకు ఒకసారే వస్తుందనీ, నిరుడు వచ్చింది కాబట్టి ఇక మన జీవితంలో రాదనీ చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. ఆ మాటకు అర్థం, ఏ ఏడాదైనా ఆ స్థాయి వరద రావడానికి నూటికి ఒక వంతు అవకాశం ఉందని. ఆ లెక్కన పల్లపు చోట 30 ఏళ్లు కాపురముండే కుటుంబానికి ఒక్కసారైనా ఆ వరద తగిలే అవకాశం నూటికి 26. ఆడపిల్ల పెళ్లికి దాచుకున్న సొమ్ముతో నాలా పక్కన స్థలం కొనబోయే తండ్రికి ఈ అంకె ముందే తెలియాలి.

జాబితా మీద పడే నీడ

ఎంతమంది కలిసి రాసినా, జాబితా మీద రాసినవారి ఊరి నీడ పడుతుంది. ఆ 23 ప్రశ్నల్లో మంచు మీద వాన పడితే వచ్చే వరద గురించి ప్రత్యేకంగా ఒక ప్రశ్న ఉంది. ఆల్ప్స్ పర్వతాల వారికి అది ప్రాణాల మీది సమస్య. మన గొలుసుకట్టు చెరువుల పేరు మాత్రం అందులో లేదు. పై చెరువు అలుగు పారి కింది చెరువు నిండడం, ఒకటి తెగితే దాని కింది వరుసంతా తెగడం మనకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తుంది? దీనికి వారిని తప్పుపట్టి లాభం లేదు. మన ప్రశ్న మనం పంపాలి. 2023 నుండి 2032 వరకు నడిచే ఆ సంఘపు కొత్త దశాబ్ద కార్యక్రమం స్థానిక ప్రజలతో కలిసి పనిచేయడాన్నే తన లక్ష్యంగా చెప్పుకుంది. తలుపు తెరిచే ఉంది.

మన సంస్థలు చేయగలిగినది

ఇదంతా పెద్ద పెద్ద శాస్త్రజ్ఞుల పని అని వదిలేయవద్దు. నీటి మీద సొమ్ము ఖర్చుచేసే ఏ సేవా సంస్థ అయినా ఈ కింది నాలుగు పనులు చేయవచ్చునని మా అభిప్రాయం.

ఒకటి, మసీదు లేదా మదర్సా మిద్దె మీద ఒక వర్షమాపకం పెట్టించడం. రోజూ ఉదయం ఒకే వేళకు చూసి పుస్తకంలో రాసే బాధ్యత పెద్ద తరగతి పిల్లలకు అప్పగించవచ్చు. పిల్లలకు దానితో లెక్క కూడా వస్తుంది. 100 చదరపు మీటర్ల కప్పు మీద 10 మిల్లీమీటర్ల వాన పడితే 1,000 లీటర్ల నీరు. ఏడాదికి 800 మిల్లీమీటర్లు పడే ఊళ్లో 200 చదరపు మీటర్ల మసీదు కప్పు మీద పడేది 1,60,000 లీటర్లు. ఆ నీరు ఇంకుడు గుంతలోకి పోతున్నదా, మోరీలోకి పోతున్నదా అని అడగడం వారే మొదలుపెడతారు.

రెండు, సంస్థ వేయించిన ప్రతి బోరుకు ఒక చిట్టా ఉంచడం. ఎంత లోతు, ఎన్ని అడుగుల దగ్గర నీరు పడింది, వేసవిలో నీటిమట్టం ఎంత, వానల తర్వాత ఎంత, నీటి పరీక్షలో ఫ్లోరైడ్ ఎంత అన్నవి అందులో ఉండాలి. నల్లగొండ జిల్లాలో ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు వంగిపోయిన తరాలను చూశాక, పరీక్ష చేయించని నీటిని దానంగా ఇవ్వడానికి మనసొప్పదు. ఎండిన బోరు వివరాలను కూడా దాచకుండా రాయాలి. తర్వాత వేయించే వారికి అన్నిటికంటే పనికొచ్చేది అదే.

మూడు, ఈ చిట్టాలను మన దగ్గరే అట్టిపెట్టుకోకుండా భూగర్భ జల శాఖ వారికి, దగ్గరి కళాశాలల వారికి, ఇతర మతాల సేవా సంస్థలకు కూడా ఇవ్వడం. రాతి పగులులో నీరు ఎవరి సరిహద్దులూ చూడదు. ఆ నీటి గురించి మనకు తెలిసింది కూడా అమానతే.

నాలుగు, కొత్త పథకానికి ముందు బస్తీవారిని కూర్చోబెట్టి ప్రశ్నలు రాయించడం. నీళ్లు మోసే ఆడవారు, వరదలో సామాను తడిసినవారు, పంపు నడిపే మనిషి అక్కడ ఉండాలి. వచ్చిన ప్రశ్నల్లో అన్నిటికంటే ముఖ్యమైన మూడింటిని అందరూ కలిసి ఏరాలి. డబ్బు ఆ మూడింటికి ఖర్చుపెట్టాలి. వియన్నాలో 260ని 23 చేసిన పద్ధతి ఇదే. కాకుంటే అక్కడ కుర్చీలు, ఇక్కడ చాపలు.

చర్చ కోసం

ఈ వ్యాసాన్ని చదివిన మహల్లా కమిటీలు, యువజన బృందాలు ఈ ప్రశ్నల మీద మాట్లాడుకోవాలని కోరుతున్నాము.

1. మన బస్తీలో గత పదేళ్లలో వేసిన బోర్లు ఎన్ని? నేడు వాటిలో నీరిస్తున్నవి ఎన్ని?

2. గత వరదలో నీరు ఎక్కడి దాకా వచ్చింది? ఆ గుర్తు గోడ మీద ఎక్కడైనా ఉందా?

3. వర్ష సూచన వచ్చిన రాత్రి పల్లపు ఇళ్లలోని ముసలివారిని, గర్భిణులను ఎక్కడికి చేర్చాలి? తాళంచెవి ఎవరి దగ్గర ఉంది?

4. కొత్త బోరుకు బదులు పాత బావి పూడిక తీయిస్తే ఎక్కువమందికి మేలు జరిగే చోటు మన పరిసరాల్లో ఉందా?

నీటిని ప్రసాదించే అల్లాహ్ ఆ నీటిని బాధ్యతగా వాడే వివేకాన్ని, ఒకరి మాట ఒకరు వినే ఓర్పును మనకు ప్రసాదించుగాక. ఆమీన్.